మగ్గం పని సామాను: ఏది దాచుకోవచ్చు, ఏది అప్పటికప్పుడు కొనాలి

మగ్గం పని, అంటే గుడ్డను చట్రానికి బిగించి పూసలు, మెరుపు తీగలు కుట్టే పని, చేసేవాళ్ళ ఇళ్ళలో కుట్టిన జాకెట్ల కంటే కుట్టని పూసలే ఎక్కువ ఉంటాయి. అందులో తప్పేమీ లేదు. బేగంబజార్‌లో తూకానికి పూసలు పోయించుకోవడం, ఇంటికొచ్చి గదుల డబ్బాలో రంగుల వారీగా సర్దుకోవడం కుట్టడమంత సరదా. ఒక మెట్టు ఎక్కువే అంటే కూడా వాదించను. కాకపోతే ఏళ్ళ తరబడి వాడాక తేలేది ఇది: గాజు ఎన్నాళ్ళు దాచినా నిలుస్తుంది, లోహం నిలవదు, ప్లాస్టిక్ నమ్మించి ముంచుతుంది.

ముందు గాజు పూసలు. పొట్లం మీద 8/0, 11/0, 15/0 అని ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ పూస చిన్నదవుతుంది. 8/0 అంటే సుమారు 3 మిల్లీమీటర్లు, 11/0 సుమారు 2, 15/0 ఒకటిన్నర. జాకెట్ల మీదికి 11/0 సరిగ్గా సరిపోతుంది. 15/0 ఎంత ముద్దుగా కనిపించినా దాని రంధ్రంలోకి ఆరి సూది (మొనకు కొక్కెం ఉండే మగ్గం సూది) దూరదు, మామూలు సన్న సూదితో ఒక్కోటి గుచ్చుకుంటూ కూర్చోవాలి.

ఎంత కొనాలో లెక్క వేసుకుంటే కళ్ళు తెరుచుకుంటాయి. 11/0 పూసలు గ్రాముకి దాదాపు 110 వస్తాయి, వరసగా కుడితే అంగుళానికి 18 దాకా పడతాయి. 24 అంగుళాల మెడ చుట్టూ ఒక వరసకి 430 పూసలు, అంటే 4 గ్రాములు. 450 గ్రాముల పొట్లం కొన్నామంటే వంద మెడలకు పైగా సరిపోయే ఒకే రంగు ఇంటికి తెచ్చుకున్నట్టే. బంగారు రంగు, తెలుపు తప్ప ఏ రంగైనా 25 గ్రాములు చాలు. కొనాలన్న తహతహ ఎలాగూ తగ్గేది కాదు, దాన్ని తూకం మీద కాకుండా రంగుల మీద తీర్చుకోవాలి. అయితే ఒక డిజైన్‌కి కావలసిన పూసలన్నీ ఒకేసారి, ఒకే పొట్లంలోంచి కొనాలి. అదే నంబరు రంగు తర్వాతి సరుకులో ఒక ఛాయ తేడాగా వస్తుంది, ఆ తేడా కుట్టాకే కనబడుతుంది.

జపాన్ నుంచి వచ్చే మియుకి, టోహో పూసలు ఖరీదైనవే. ఆ ఖరీదుకి దొరికేది ఒకే కొలత, ఒకేలాంటి రంధ్రం. సూది మీదికి చకచకా ఎక్కుతాయి, ఏరి పారేసేవి తక్కువ. మన విడి పూసల్లో వంకరవి, రంధ్రం సగం మూసుకుపోయినవి ఖాయంగా ఉంటాయి. అలాంటి పూసను బలవంతంగా ఎక్కిస్తే సూది మొనే విరుగుతుంది. అంచు వరసకి ఏరి వాడండి, లోపల నింపడానికి ఉన్నవి ఉన్నట్టే వాడేయండి. అక్కడ ఆ ఎగుడుదిగుడే అందం. పూసలంటే అంత ఇష్టం ఉన్నవాళ్ళు ఏర్పేడు దగ్గరి పాపానాయుడుపేట పేరు గుర్తుపెట్టుకోవాలి. కాగిన గాజును గొట్టంలా సాగదీసి పూసలుగా కోసే పాత పని ఆ ఊరిది.

కొత్త రంగు తెచ్చినప్పుడు డబ్బాలో పోసేముందు పరీక్ష పెట్టాలి. నాలుగు పూసలు సబ్బు కలిపిన గోరువెచ్చటి నీళ్ళలో ఒక రాత్రి ఉంచండి. ఇంకో నాలుగింటిని గోళ్ళరంగు తుడిచే ద్రవంలో తడిపిన దూదితో రుద్దండి. దూదికి రంగు అంటితే అది పైపూత, చంకల దగ్గర చెమట తగిలేచోట పనికిరాదు. గులాబీ, ఊదా రంగుల్లో ఈ బెడద ఎక్కువ.

అసలు ఆట పారదర్శకమైన పూసలతో. వాటిలోంచి దారం రంగు కనబడుతుంది. రంగులేని పూసను నీలి దారంతో కుడితే ఆకాశ రంగు, ఎర్ర దారంతో కుడితే లేత గులాబీ. ఒక్క పొట్లం, పది రీళ్ళు ఉంటే పది రంగుల పూసలు ఉన్నట్టే. లోపల వెండి పూత ఉన్న పూసల్లో ఇది పనిచేయదు. అట్టముక్కకు గుడ్డ అతికించి, ఒకే పూసను రకరకాల దారాలతో ఐదేసి కుట్టి పెట్టుకోండి. రంగుల ఎంపిక అక్కడే తేలిపోతుంది.

కట్ బీడ్స్, అంటే పలకలుగా కోసిన పూసల అంచులు పదునుగా ఉంటాయి, మామూలు నూలు దారాన్ని కోసేస్తాయి. పాలియెస్టర్ దారాన్ని రెండు పేటలు వేసి కుట్టాలి.

ఇక జర్దోసి. ఇప్పుడు దొరికేదాంట్లో ఎక్కువ భాగం రాగి తీగకు పూత పూసి స్ప్రింగులా చుట్టినదే. పూత పలచబడినచోట గాలి, తేమ, చెమట తగిలి నల్లబడుతుంది. పదిరంగుల జర్దోసి వరసగా పేర్చుకుంటే కళ్ళకు పండగే గానీ రెండు వానాకాలాలు గడిచాక సగం వన్నె తగ్గుతుంది. పొట్లాలకు రబ్బరు బ్యాండు వేయడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. రబ్బరులో గంధకం ఉంటుంది, బ్యాండు తగిలినచోట నల్లటి చార పడుతుంది. గాలి చొరని డబ్బాలో, మాత్రల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం వేసి ఉంచండి. డిజైన్‌కి కావలసినంతే కొనడం అంతకన్నా మేలు.

ముక్క కోసేటప్పుడు జర్దోసిని లాగకూడదు. ఒకసారి సాగిన స్ప్రింగు మళ్ళీ దగ్గరకు రాదు, మధ్యలో సందులు కనబడతాయి. ముక్క పొడవు సరిగ్గా కుట్టు దూరమంత ఉండాలి. తక్కువైతే దారం బయటపడుతుంది, ఎక్కువైతే మధ్యలో ఉబ్బుతుంది. ఆకులు, రేకులు ఉబ్బెత్తుగా రావాలంటే కింద నూలు దారం నింపి, ముక్కను వెంట్రుకవాసి పెద్దగా కోయాలి. జర్దోసిలోనే దబ్కా అనే రకం నునుపుగా ఉంటుంది, నక్షి అనే రకం పలకలు తేలి తళుకులీనుతుంది. రెండూ పక్కపక్కన వాడితే ఒకే బంగారు రంగులో వెలుగునీడలు వస్తాయి.

సిల్క్ త్రెడ్ పేరుతో అమ్మేది చాలావరకు రేయాన్. చిన్న పోగు వెలిగించి చూడండి. కాగితంలా కాలితే రేయాన్, వెంట్రుక కాలిన వాసన వస్తే పట్టు, కరిగి ఉండ కడితే పాలియెస్టర్. రేయాన్ మెరుపు బాగుంటుంది, తడిస్తే మాత్రం బలం తగ్గుతుంది. ముదురు ఎరుపు, నలుపు రీళ్ళను తెల్లగుడ్డ మీద తడిపి చూడకుండా లేత రంగు పట్టు జాకెట్‌కి వాడొద్దు.

ఆరి సూదికి పెట్టే డబ్బు దండగ కాదు. కొక్కెం నోరు ఎటు ఉందో పిడి మీద గుర్తు ఉండాలి. కింద దారం పట్టాక సూదిని సగం తిప్పి పైకి తీస్తేనే కొక్కెం గుడ్డలో తగులుకోదు. మగ్గం మీద గుడ్డ వదులైతే గొలుసు కుట్టు తప్పుతుంది. గుడ్డను డప్పులా బిగించాలి. మగ్గం బదులు గుండ్రటి రింగు వాడేవాళ్ళు లోపలి చక్రానికి నూలు పట్టీ చుట్టుకుంటే గుడ్డ జారదు. వరస చివర ముడి వేయడం మరిచిపోతే ఒక్క లాగుకు వరసంతా ఊడి వస్తుంది.

ప్లాస్టిక్ ముత్యాలు, చమ్కీలు చవక, తేలిక. కానీ ఇస్త్రీ వేడికి చమ్కీలు ముడుచుకుంటాయి, డ్రైక్లీనింగ్ ద్రవానికి ముత్యాల పూత ఊడుతుంది. ఎప్పుడైనా తిరగేసి, మందపాటి తువ్వాలు మీద పెట్టి, వెనకనుంచే ఇస్త్రీ చేయాలి. కుందన్ రాళ్ళలో జిగురుతో అతికించేవాటికన్నా పక్కన రంధ్రాలున్న కుట్టే రకం మన్నుతుంది. జిగురే వాడాల్సివస్తే రాయి అడుగున మధ్యలో చుక్క పెట్టండి, అంచు దాకా రాయొద్దు. పట్టు మీదికి పొంగిన జిగురు నూనె మరకలా నల్లగా మిగిలిపోతుంది, ఏం చేసినా పోదు. అతికించాక ఒక రోజంతా కదపకుండా ఆరనివ్వండి.