పిట్టల ఫొటోలకి శివాజీ పార్కా, కంబాలకొండా?

వైజాగ్‌లో పొద్దున్నే వాకింగ్ చేస్తూ పిట్టల ఫొటోలు తీద్దామనుకునేవాళ్ళకి నా ఓటు ముందు శివాజీ పార్కుకే. అక్కడి ఉడతలు, గోరింకలు, తేనెపిట్టలు రోజూ జనాన్ని చూస్తుంటాయి కాబట్టి అంత బెదరవు, ఫోన్‌తో కూడా తీసేయొచ్చు, మగ తేనెపిట్ట నీడలో నల్లగా కనిపిస్తుంది గానీ ఎండ పడగానే నీలం, ఊదా రంగుల్లో ఎంత మెరుస్తుందో, అందుకే సూర్యుడు మన వెనకుండేలా నిలబడాలి.

కంబాలకొండ వేరే లెవెల్ అండి. 2002లో అభయారణ్యం చేశారు, 70 చదరపు కిలోమీటర్ల అడవి, చిరుతలున్నాయి, దారి వదిలి లోపలికి పోవద్దు. పొదల కింద ఎండుటాకులు తిరగేస్తూ పొన్నంగి పిట్ట కనపడొచ్చు, కానీ నీడెక్కువ, జూమ్ లెన్స్ లేకపోతే కష్టమే.

ఎక్కడైనా గూటి దగ్గరకి మాత్రం వెళ్ళకండి ప్లీజ్, తల్లి బెదిరి ఎగిరిపోతే పిల్లల్ని కాకులు ఎత్తుకుపోతాయి.