టోల్కీన్ ఉత్తరాలు: పద్యం మీద ప్రేమ ఉన్నవాళ్లకు

'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రాసిన ఆంగ్ల రచయిత టోల్కీన్ ఉత్తరాల పుస్తకాన్ని విజయవాడ ఏలూరు రోడ్డులో ఆర్డరిచ్చి తెప్పించుకున్నాను, 2023 నాటి కొత్త ముద్రణ. 1981 సంకలనానికి మరో 150కి పైగా ఉత్తరాలు కలిపారు. బాగా బరువు, పడుకుని చదవలేం.

గుంటూరులో పిల్లలకు ఛందస్సు చెబుతాను కాబట్టి, 1952 జూన్‌లో ప్రచురణకర్త రేనర్ అన్విన్‌కు రాసిన ఉత్తరం దగ్గరే మూడు రోజులు ఆగిపోయాను. అది 'ఎరంట్రీ' అనే పద్యం సంగతి. అందులోని ఛందస్సు టోల్కీన్ సొంతంగా కల్పించుకున్నదే. ఎంత కష్టమంటే, మళ్లీ అందులో ఇంకో పద్యం రాయలేకపోయానంటాడు! 1933లో పత్రికలో అచ్చయిన ఆ పద్యం నోటినోటా తిరిగి, మాటలు మారి, చివరికి ఆయన దాకానే వచ్చింది. కష్టమైన పదాలు నిలిచాయి, మామూలు మాటలే మారాయి, నడక అక్కడక్కడ చెదిరింది అని శ్రద్ధగా లెక్క చూస్తాడు. మా తాతయ్య చెప్పే చాటుపద్యం గుర్తొచ్చింది. ఆ పద్యాన్ని అచ్చులో చూస్తే తెలిసింది, రెండో పాదంలో తాతయ్య ఒక మాట మార్చేశారు, యతి పోయింది.

1961లో పిన్ని జేన్ నీవ్ అడిగితే పాత పద్యాలు వెతికి పుస్తకంగా కూర్చిన సంగతి చెప్పే ఉత్తరాలూ హాయిగా ఉన్నాయి.

ఒక్కటే లోటు: అవతలివాళ్ల జవాబులు లేవు. రేనర్ ఏమన్నాడో ఊహించుకోవాల్సిందే. అయినా డబ్బు వృథా కాదు. వచ్చే వారం ఆ 1952 ఉత్తరం క్లాసులో చదివి వినిపిస్తున్నాను.