గోరంత వెండికి కొండంత రవాణా: పదకొండేళ్ల అనుభవం

పదకొండేళ్లుగా ఆస్ట్రేలియా, జర్మనీ, మెక్సికోల నుంచి డాలస్ పక్కనున్న మా ఇంటికి వెండి నాణేలు తెప్పించుకుంటున్నాను. ఈ సమీక్ష నాణేల గురించి కాదు, అవి ఇల్లు చేరడానికి అయిన ఖర్చు గురించి. బిల్లులన్నీ ఒక అట్టపెట్టెలో దాచాను. మొన్న వాన పడిన ఆదివారం కూర్చుని లెక్క కడితే, వెండికి పెట్టిన ప్రతి వంద డాలర్ల మీదా దారి ఖర్చు దాదాపు 13 డాలర్లు తేలింది. మజూరీ, తరుగు అంటూ కంసాలితో గంటల తరబడి బేరమాడే ఇంట్లో పుట్టినవాణ్ణి. ఈ అంకె మా అమ్మకు ఇంకా చెప్పలేదు.

మొదట తెప్పించింది ఆస్ట్రేలియా టంకశాల పెర్త్ మింట్ వాళ్ల కూకబుర్రా పక్షి బొమ్మ నాణెం, ఒకే ఒక్కటి. ఒక ట్రాయ్ ఔన్సు, అంటే 31.1 గ్రాములు. నాణెం 24 డాలర్లు, రవాణా 31. ఆ బిల్లు చూసి మా ఆవిడ నవ్విన నవ్వు ఇప్పటికీ చెవిలో ఉంది. తర్వాతిసారి 20 నాణేలు పేర్చిన గొట్టం తెప్పిస్తే రవాణా 58 డాలర్లయింది, నాణేనికి మూడు డాలర్ల లోపే. రిజిస్ట్రేషను, సంతకం తీసుకోవడం, ప్యాకింగ్ వంటి ఖర్చులు ఒక నాణేనికైనా ఇరవైకైనా దాదాపు ఒకటే. అందుకే ఒక్కొక్కటిగా తెప్పించుకునేవాడికి ఈ సరదా తడిసి మోపెడవుతుంది.

వెండికి అసలు శాపం దాని బరువే. గత పదేళ్లలో ఎక్కువ కాలం ఒక ఔన్సు బంగారం ధరకు 70 ఔన్సులకు పైగా వెండి వచ్చింది. అంటే జేబులో పట్టే ఒక బంగారు నాణెం విలువను వెండిలో పంపాలంటే రెండు కిలోలకు పైగా మోయాల్సి వచ్చేది. బీమా వాళ్లు విలువ చూసి వసూలు చేస్తారు, విమానం వాళ్లు బరువు చూసి. వెండికి రెండు చోట్లా దెబ్బే. పెర్త్ నాణేలు ఒక్కొక్కటి గట్టి ప్లాస్టిక్ డబ్బీలో వస్తాయి, ఆ బరువు అదనం.

తపాలానా, కొరియరా అని చాలామంది అడుగుతారు. ప్రపంచ తపాలా సమితి నియమాల ప్రకారం నాణేలు, బంగారం, వెండి మామూలు ఉత్తరాలలో పెట్టకూడదు, విలువ ప్రకటించి బీమా చేయించాలి. పెద్ద కొరియర్ సంస్థలు కొన్ని బులియన్‌ను, అంటే బంగారం, వెండి కడ్డీలను, నాణేలను, అసలే ముట్టుకోవు. తీసుకున్నవాటిలోనూ పరిహారానికి పరిమితి ఉంటుంది, అది చిన్న అక్షరాలలో ఉంటుంది. బ్రింక్స్, మల్కా అమిత్ వంటి భద్రతా రవాణా సంస్థలు బ్యాంకులకూ శుద్ధి కర్మాగారాలకూ పనిచేస్తాయి, నాలాంటి ఇరవై నాణేలవాడి కోసం కావు. 2025 మొదట్లో సుంకాల భయంతో లండన్ బంగారం న్యూయార్క్‌కు తరలినప్పుడు, 400 ఔన్సుల కడ్డీలను స్విట్జర్లాండ్‌లో కరిగించి కిలో కడ్డీలుగా పోసి మరీ పంపారు. పెద్దవాళ్లకు కరిగించి, పోసి, విమానమెక్కించినా గిట్టుబాటవుతుంది. మనకు ఒక గొట్టమే భారం.

ఇక నా సొంత తెలివితక్కువతనం. 2021లో యూరప్ నుంచి 20 నాణేలు తెప్పించాను. బీమాలో కొన్ని డాలర్లు మిగులుతాయని విలువ 100 అని రాయమన్నాను. పెట్టె వచ్చింది. అంచున టేపు మీద టేపు. చీటీ మీద బరువు 0.91 కిలోలు. వంటింటి త్రాసు మీద పెడితే 0.69. విప్పి చూస్తే 13 నాణేలే ఉన్నాయి, పోయిన ఏడింటి చోట నలిపిన జర్మన్ వార్తాపత్రిక ఉంది. నాలుగు నెలల ఉత్తరాల తర్వాత నాకు వచ్చిన పరిహారం 100 డాలర్లు. పోయిన సరుకు 280 డాలర్ల పైమాటే. ఒళ్లు మండే విషయం ఏమిటంటే, అప్పట్లో అమెరికాలో నాణేలకు దిగుమతి సుంకం సున్నా. తక్కువ విలువ రాయించి, అదీ తప్పుడు ప్రకటన చేయించి, నేను తప్పించుకున్న పన్నంటూ ఏమీ లేదు. సరుకు 2,500 డాలర్లు దాటితే కస్టమ్స్‌లో పూర్తి స్థాయి నమోదు చేయించాలి, మామూలుగా దళారికి రుసుము కట్టాల్సి వస్తుంది. దాన్ని తప్పించుకోవాలంటే ఆర్డరును ఆ లోపు ఉంచితే చాలు, అబద్ధం అక్కరలేదు.

అప్పటి నుంచి పూర్తి విలువకే బీమా. గొట్టం లోపల ఖాళీ ఉంటే దూది కుక్కమంటాను, ఊపితే చప్పుడు రాకూడదు. చప్పుడు చేసే బరువైన చిన్న పెట్టె ఏమిటో దారిలో అందరికీ తెలుసు. ప్యాకింగ్ గురించి నిజంగా నేర్చుకున్నది మాత్రం మా ఊరి పోస్టాఫీసులో. ఇక్కడే దేశం లోపల ఒకరికి కొన్ని నాణేలు రిజిస్టర్డ్‌లో పంపబోతే, కౌంటర్‌లో ఆవిడ నా ప్లాస్టిక్ టేపు చూసి పెట్టెను వెనక్కి తోసింది. కాగితం టేపే వేయాలట. వేసి తెచ్చాక ప్రతి అతుకు మీదా గుండ్రటి తేదీ ముద్ర కొట్టింది. ఎవరైనా టేపు లేపితే ముద్ర చెదిరి దొరికిపోతారు. 50,000 డాలర్ల దాకా బీమా ఇచ్చే ఈ పద్ధతికి నేను పూర్తి మార్కులు వేస్తాను. సరిహద్దు దాటితే మాత్రం ఆ భరోసా ఉండదు.

ఇండియాకు బంగారం పంపమని బంధువులు అడుగుతూనే ఉంటారు. తపాలాలో బంగారం పంపనని ఖరాఖండిగా చెబుతాను. ఏడాదికి పైగా విదేశంలో ఉండి తిరిగి వచ్చేవారికి సుంకం లేకుండా అనుమతించే 20 గ్రాములు, మహిళలకైతే 40 గ్రాములు, నగలకే వర్తిస్తాయి, బిళ్ళలకు కాదు. 2024 జులైలో అక్కడ బంగారం మీద దిగుమతి సుంకం 15 నుంచి 6 శాతానికి తగ్గాక, మోసుకెళ్లి మిగుల్చుకునేదీ తగ్గింది.

మామూలు వెండి కావాలంటే స్థానిక దుకాణంలోనే కొనండి. వాళ్లు టన్నుల లెక్కన తెప్పిస్తారు, మీ నాణెం మీద పడే దారి ఖర్చు కొన్ని సెంట్లే. ఇక్కడ దొరకని పాత సంవత్సరాల నాణేలకైతేనే విదేశీ ఆర్డరు, అదీ ఇద్దరు ముగ్గురు కలిసి, ఏడాదికోసారి.

పోయిన ఏడాది మేము అలాగే ముగ్గురం కలిసి రెండు గొట్టాలకు డబ్బు కట్టాం. 2025 ఆగస్టు 29 నుంచి 800 డాలర్ల లోపు సరుకులకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా ఎత్తివేసింది. ఆ ముందు రోజుల్లోనే ఆస్ట్రేలియా సహా పలు దేశాల తపాలా సంస్థలు ఇక్కడికి పార్సిళ్లు ఆపేశాయి. మా గొట్టాలు అమ్మకందారు అల్మారాలో ఆగిపోయాయి. కొరియర్‌లో పంపడానికి అతను 118 డాలర్లు అడిగాడు. వెనక్కి తీసుకోమంటే ఐదు శాతం కోత అన్నాడు. ముగ్గురం ఫోనులో మాట్లాడుకుని, కోతే చవకని ఒప్పేసుకున్నాం.