బటన్ స్టార్టు కారు: కొన్నేళ్ళ వాడకం తర్వాత

తాళం తిప్పే పని లేకుండా, కీ జేబులో ఉండగానే బటన్ నొక్కి స్టార్టు చేసే ఆటోమేటిక్ పెట్రోలు కారును మా ఇంట్లో కొన్నేళ్ళుగా వాడుతున్నాం. హైదరాబాదు ఎండకు, వానకు ఆరుబయటే ఉండే బండి ఇది. ఈ ఏర్పాటు మీద నాకు మంచి అభిప్రాయమే ఉంది. అయితే మొరాయించినప్పుడు డాష్‌బోర్డు మీద కనిపించే ‘కీ కనబడలేదు’ అన్న సందేశాన్ని యథాతథంగా నమ్మకూడదని ఇన్నేళ్ళలో గట్టిగా తెలిసింది.

మొదట అనుమానించవలసింది కీలోని బిళ్ళ సెల్లునే. చాలా కీలలో ఉండేది 3 వోల్టుల సీఆర్2032 రకం, ఏ వాచీల దుకాణంలోనైనా దొరుకుతుంది. కారు పంపే సంకేతాన్ని అందుకుని కీ తిరిగి జవాబివ్వాలి కాబట్టి, సెల్లు నీరసపడుతున్న కొద్దీ తలుపు బాగా దగ్గరికి వెళ్తే గాని తెరుచుకోదు. పూర్తిగా అయిపోయినా దారి ఉంది. కీ లోపల దాచి ఉంచిన లోహపు తాళంతో తలుపు తీసి, బ్రేకు నొక్కి పట్టి, కీనే స్టార్టు బటన్‌కు ఆనించి నొక్కితే చాలా మోడళ్ళు స్టార్టవుతాయి, ఎందుకంటే కీలోని చిప్పుకు అవసరమైన కాస్త విద్యుత్తు ఆ దూరంలో కారు నుంచే అందుతుంది. కొన్ని కార్లలో ఆనించవలసిన చోటు వేరే ఉంటుంది. ఇంత అక్కరకొచ్చే సంగతిని మాన్యువల్ లోపలి పేజీల్లో వదిలేయకుండా బటన్ పక్కనే చిన్న గుర్తుగా ముద్రించాలని తయారీదారులకు నా గట్టి విన్నపం.

మాకు ఎక్కువ ఇబ్బంది పెట్టింది మాత్రం బానెట్ కింది 12 వోల్టుల బ్యాటరీ. బటన్ నొక్కగానే కటకటమని శబ్దం వచ్చి, డాష్‌బోర్డు దీపాలు మసకబారి, సెల్ఫ్ అందుకోకపోతే కీని తప్పుపట్టి లాభం లేదు. ఒక సర్వీసు కేంద్రంలో మాకు కొత్త కీ కొనాలని చెప్పారు. బానెట్ ఎత్తి చూస్తే నెగెటివ్ టెర్మినల్ చుట్టూ తెల్లటి పొడి గడ్డకట్టి, బిగింపు చేత్తో కదిపితే కదులుతోంది. వంట సోడా కలిపిన వేడినీళ్ళతో కడిగి, ఆరాక బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూసిన తర్వాత ఆ పాత కీతోనే బండి స్టార్టయింది. మామూలు మల్టీమీటరు ఒకటి ఇంట్లో ఉంటే మంచిది: రాత్రంతా కదపని బండిలో 12.6 వోల్టులు చూపితే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12 కన్నా తగ్గితే దాదాపు ఖాళీ అయినట్టు. ఇంజను నడుస్తుండగా సుమారు 14 చూపకపోతే బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరును పరీక్షించాలి. మరో బండి బ్యాటరీ సాయంతో స్టార్టు చేయడానికి జంపర్ కేబుళ్ళు వాడేటప్పుడు చివరి నల్ల క్లిప్పును డిశ్చార్జి అయిన బ్యాటరీకి కాకుండా, అదే బండి ఇంజను మీద రంగు లేని లోహభాగానికి తగిలించాలి.

దీపాలన్నీ బాగా వెలుగుతూ, కీ సందేశమూ లేకుండా ఇంజను మాత్రం కదలకపోతే బ్రేకు వైపు చూడాలి. ఇంజను ఆపి ఉండగా పెడల్‌ను పదేపదే తొక్కితే అది గట్టిపడి కిందికి దిగదు, అప్పుడు బ్రేకు తొక్కిన సంగతిని కారుకు తెలిపే స్విచ్చికి మనం తొక్కినట్టే తెలియకపోవచ్చు. బలంగా ఒకేసారి తొక్కి, వెనక బ్రేకు దీపాలు వెలుగుతున్నాయో లేదో ఎవరినైనా చూడమనండి. వెలగకపోతే ఫ్యూజో, పెడల్ దగ్గరి స్విచ్చో పోయి ఉంటుంది, ఆ స్విచ్చి ఖరీదు కీతో పోలిస్తే చాలా తక్కువ. గేరు ‘పీ’ (పార్కింగు)లో ఉన్నా స్టార్టు కాకపోతే ‘ఎన్’ (న్యూట్రల్)లో పెట్టి ప్రయత్నించండి. స్టీరింగు లాకు పడిందేమోనని దాన్ని అటూ ఇటూ కదుపుతూ కూడా బటన్ నొక్కి చూడాలి.

ఇవన్నీ చూసుకున్నాకే టోయింగు బండిని పిలవండి, మెకానిక్కుకు కూడా చూసినవి చూసినట్టు వరుసగా చెప్పండి.