ఋతువుల వారీగా రాసుకునే కృతజ్ఞతల నోటుపుస్తకం: ఏడాది వాడకం తరువాత

కృతజ్ఞతలు రాసుకోవడానికి ప్రత్యేకంగా అచ్చువేసిన నోటుపుస్తకాలు ఇప్పుడు చాలానే దొరుకుతున్నాయి. వాటిలో ఎక్కువ భాగం రోజుకు మూడు వరుసలు నింపమంటాయి. కొన్నాళ్లు గడిచేసరికి కుటుంబం, ఆరోగ్యం, ఉద్యోగం అనే మూడు మాటలే పేజీ తరువాత పేజీలో కనిపిస్తాయి, చేయి రాస్తుంది గాని మనసు అక్కడ ఉండదు. ఏడాదిగా నేను వాడుతున్న ఈ నోటుపుస్తకం సంవత్సరాన్ని నాలుగు ఋతువులుగా విభజించి, వారానికి ఒక్కసారే రాయమంటుంది. నాకు అన్నిటికంటే నచ్చినది ఆ నిదానమే.

దానికి పరిశోధనల ఆధారం కూడా ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లా 2003లో ప్రచురించిన అధ్యయనంలో, పది వారాల పాటు వారానికోసారి తమకు కృతజ్ఞత కలిగించిన విషయాలను ఐదింటి వరకు రాసినవారు, చికాకులను రాసినవారి కంటే జీవితం పట్ల ఎక్కువ తృప్తిని, రాబోయే వారం మీద ఎక్కువ నమ్మకాన్ని వ్యక్తం చేశారు. సోనియా ల్యుబోమిర్‌స్కీ బృందం ఆరు వారాల పాటు జరిపిన మరో పరిశీలనలో వారానికి ఒకసారి రాసినవారిలో సంతోషం పెరిగింది, మూడుసార్లు రాసినవారిలో ఆ పెరుగుదల కనిపించలేదు. ఎంత మంచి విషయమైనా రోజూ తలచుకుంటే పాతబడుతుంది కాబట్టి, ఈ ఫలితం నాకు సహజంగానే తోస్తుంది.

అసలు విలువ మాత్రం ప్రశ్నలలో ఉంది. "మీరు దేనికి కృతజ్ఞులు?" అని ఈ పుస్తకం ఎక్కడా సూటిగా అడగదు, ముందు బయటికి చూడమంటుంది. "ఈ వారం సాయంత్రపు వెలుగు మీ గదిలో ఎంతవరకు వచ్చింది?" అన్నది ఒక ప్రశ్న. పుస్తకాల అరలో రెండో వరుస దాకా వచ్చిందని రాస్తున్నప్పుడు, నేను కూర్చునే కుర్చీ కూడా ఆ వెలుగులోకి జరిగి ఉందని గమనించాను. దాని కిందనే "ఇది ఎవరి వల్ల, ఎలా జరిగింది?" అని మరో ప్రశ్న ఉంది. కుర్చీని అమ్మ జరిపిందని, ఆ మాట నాకు చెప్పనైనా లేదని అప్పుడు తెలిసింది. మనస్తత్వ శాస్త్రవేత్త మార్టిన్ సెలిగ్మన్ బృందం 2005లో ఫలితాలు వెల్లడించిన అభ్యాసంలో కూడా, ఆ రోజు జరిగిన మూడు మంచి విషయాలతో పాటు అవి ఎందుకు జరిగాయో రాయాలనే నియమం ఉంది. కారణం వెతికినప్పుడే ఆ మంచి వెనుక ఉన్న మనిషి కనిపిస్తాడు, "ఆరోగ్యం" అనే ఒంటి మాటలో ఎవరూ కనిపించరు.

పేజీల మీద తేదీలు, నెలల పేర్లు లేవు. భూమి అక్షం దాదాపు 23.5 డిగ్రీలు వంగి ఉండడం వల్ల ఉత్తరార్ధగోళంలో వేసవి నడిచేటప్పుడు దక్షిణార్ధగోళంలో చలికాలం ఉంటుంది కనుక, ఎవరి ఋతువు నుంచి వారు మొదలుపెట్టుకునేలా వదిలేయడం మంచి నిర్ణయం. అయితే అక్కడ చూపిన మెలకువ ప్రశ్నల ఎంపికలో పూర్తిగా లేదు. ఆకులు రాలడం, మంచు కురవడం గురించి అడిగే ప్రశ్నలు, వానలూ ఎండలే ప్రధానమైన ఉష్ణమండల ప్రాంతాలవారికి ఎలా ఉపయోగపడతాయి? అలాంటి చోట్ల ప్రశ్నను కొట్టివేసి సొంత ప్రశ్న రాసుకోక తప్పదు.

ప్రతి ఋతువు చివరా, గడిచిన వారాలను తిరిగి చదివి తరువాతి ఋతువులో చేయదలచిన ఒక చిన్న పనిని ఎంచుకోమనే పేజీలు ఉన్నాయి. పదేపదే కనిపించిన ఒక పేరును గుర్తించి ఆ వ్యక్తికి ఉత్తరం రాయడం అలాంటి పనే, అది నేను నిజంగా చేశాను. కాని ఆ పేజీల అడుగున "వ్యక్తిగత ఎదుగుదల"కు పదికి మార్కులు వేసుకోమనడం నాకు బొత్తిగా నచ్చలేదు. ఒకరిలో ఓర్పు పెరిగిందా లేదా అన్నది అంకెకు లొంగే విషయం కాదు. మార్కులు వేయడం మొదలైతే మనసు నిజం రాయడం మాని, మంచి మార్కు వచ్చే సంగతులను వెతుక్కుంటుంది.

ఇంతకంటే పెద్ద లోటు, దుఃఖానికి చోటు లేకపోవడం. ఆప్తులు పోయిన వారంలో కూడా పుస్తకం అదే ఉత్సాహంతో ప్రశ్నిస్తుంది. "ఈ వారం ఏమీ రాయనవసరం లేదు" అన్న ఒక్క వాక్యం ఉంటే బాగుండేది. తీవ్రమైన కుంగుబాటుతో బాధపడేవారికి ఇలాంటి పుస్తకం వైద్యానికి ప్రత్యామ్నాయం కాదన్న మాట కూడా ముందుపేజీలోనే అచ్చువేయాలి.

దారంతో కుట్టిన బైండింగు కావడంతో ఏ పేజీ దగ్గర తెరిచినా చదునుగా నిలుస్తుంది. సిరా పెన్నుతో రాస్తే మాత్రం కాస్త అవతలి వైపుకు కనిపిస్తుంది. ఎడమ పేజీ తొలి ఏడాదికి, కుడి పేజీ మలి ఏడాదికి కేటాయించారు, అదే ప్రశ్నకు నిరుడు రాసిన జవాబు పక్కనే ఉంటుంది. రోజూ విస్తారంగా డైరీ రాసే అలవాటున్నవారికి ఇందులోని చోటు చాలదు. వారానికి పావుగంట కేటాయించగలిగి, చుట్టూ ఉన్నవాటిని నిదానంగా చూడాలనుకునేవారికి, మార్కుల పేజీలను విడిచిపెట్టమని చెబుతూనే, దీన్ని నేను మనస్ఫూర్తిగా సూచిస్తాను.