సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ ఏజెన్సీని పెట్టుకునే అపార్ట్‌మెంట్ కమిటీలకు హెచ్చరిక: బిల్లులో పీఎఫ్ ఉంటే పనివాళ్లకు చేరినట్టు కాదు

హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ లెక్కలు నేను చూస్తాను. గార్డులను, హౌస్‌కీపింగ్ వాళ్లను ఏజెన్సీ ద్వారా పెట్టుకున్నవాళ్లు ఇది చదవండి. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి ఏజెన్సీ పేరు రాయను, కామెంట్లలో అడగొద్దు.

నెలనెలా వచ్చే బిల్లులో జీతం, పీఎఫ్, ఈఎస్ఐ, బోనస్, సర్వీస్ చార్జీ, ఆపైన 18 శాతం జీఎస్టీ వరసగా ఉండేవి. అటు పనివాళ్ల జీతంలోనూ పీఎఫ్, ఈఎస్ఐ కోసేవాళ్లు. రెండు వైపుల డబ్బూ ఏజెన్సీ చేతికే వెళ్లింది, అక్కడే ఆగిపోయింది. మెట్లు కడుగుతూ జారిపడి చెయ్యి విరిగిన ఒకావిడ ఈఎస్ఐ ఆస్పత్రికి వెళ్తే, ఆమె పేరు మీద చందా పడటం లేదని కౌంటర్‌లో తేలింది. చివరికి కట్టు ప్రైవేటులో కట్టించాల్సి వచ్చింది. ఫ్లాట్ల వాళ్లు తలా కొంత వేసుకున్నారు.

పీఎఫ్ కట్టిన చలాన్లు అడిగితే వెంటనే పంపారు. అవి దొంగ చలాన్లు కావు, నిజమైనవే. మోసమంతా అక్కడే ఉంది. చలాన్‌లో మొత్తం సొమ్ము మాత్రమే కనబడుతుంది. ఎవరెవరికి కట్టారో ఈసీఆర్ అనే పేర్ల జాబితాలో ఉంటుంది. పట్టుబట్టి అది తెప్పిస్తే అందులో మావాళ్లలో ఇద్దరు ముగ్గురి పేర్లే ఉన్నాయి, మిగతా అందరూ వేరే సైట్ల వాళ్లు. ఒకే చలాన్‌ను ఎన్ని అపార్ట్‌మెంట్లకు చూపించారో వాళ్లకే తెలియాలి. మా గార్డుల్లో కొందరికి యూఏఎన్ (ఉద్యోగికి ఇచ్చే పీఎఫ్ నంబరు) ఉంది కానీ దానికి సూపర్‌వైజర్ ఫోన్ నంబరు తగిలించారు. జమ పడినా, పడకపోయినా మెసేజ్ వాళ్లకు రాదు.

అసలు ఇది కొటేషన్ రోజే కాగితం మీద తేలిపోయే లెక్క. జీతం 12,000 అనుకోండి. యజమాని వాటా పీఎఫ్ 12 శాతం, దానిపై బీమా, అడ్మిన్ చార్జీలు ఇంకో 1 శాతం, కలిపి 1,560. ఈఎస్ఐ 3.25 శాతం, అంటే 390. బోనస్ 8.33 శాతం చొప్పున నెలకు దాదాపు 1,000. మొత్తం 14,950. వారపు సెలవు రోజు వచ్చే రిలీవర్ కూలి, యూనిఫాం, ఏజెన్సీ లాభం ఇంకా ఇందులో కలపలేదు. అలాంటప్పుడు ఎవరైనా 13,500కే అన్నీ కలిపి ఇస్తామంటే ఆ తేడా తన జేబులోంచి పెట్టుకోడు కదా! గార్డు దగ్గరే తీస్తాడు: పన్నెండు గంటల డ్యూటీకి ఓవర్‌టైమ్ ఎగ్గొట్టి, యూనిఫాం డబ్బు కోసి, ఉద్యోగంలో చేర్చుకోవడానికి ముందే కొంత గుంజి. మా గేటు దగ్గర పనిచేసే ఒకతని ఒరిజినల్ ఆధార్ కార్డు కూడా వాళ్ల ఆఫీసులోనే ఉండిపోయింది. మానేస్తానంటే చివరి నెల జీతం రాదు. దీన్ని వాళ్లు ‘హెచ్‌ఆర్ పాలసీ’ అంటారు.

‘మాకేం సంబంధం, ఏజెన్సీ చూసుకుంటుంది’ అని మా కమిటీలోనే ఒక పెద్దాయన అన్నారు. సంబంధం ఉంది. పీఎఫ్ నిబంధనల ప్రకారం కాంట్రాక్టర్ కట్టకపోతే పని చేయించుకున్న అసలు యజమాని మీదికి, అంటే మన అసోసియేషన్ మీదికి, బాధ్యత వస్తుంది. ఆలస్యమైన సొమ్ముకు ఏడాదికి 12 శాతం వడ్డీ, దానిపై జరిమానా వేరే. జీతంలో కోసుకున్న ఉద్యోగి వాటా జమ చేయకపోతే అది నమ్మకద్రోహం కింద క్రిమినల్ కేసు కూడా.

ఇప్పుడు మేం పెట్టుకున్న షరతు ఒకటే, గట్టిది. పీఎఫ్, ఈఎస్ఐ మరుసటి నెల 15లోగా కట్టాలి కాబట్టి, పోయిన నెల ఈసీఆర్ పేర్లతో సహా చేతికొచ్చాకే ఈ నెల బిల్లు పాస్ చేస్తాం. ఆ పేర్లను గేటు దగ్గరి హాజరు రిజిస్టరుతో పోల్చి చూస్తాం. యూఏఎన్‌కు ఎవరి ఫోన్ వాళ్లదే ఉండాలి. అలా ఉంటే 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే చివరి జమ ఎంతో మెసేజ్ వస్తుంది. గార్డులందరి చేతా కాల్ చేయించండి, పది నిమిషాల పని. సెక్యూరిటీ ఏజెన్సీ అయితే ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల 2005 చట్టం కింద రాష్ట్ర లైసెన్సు ఉందో లేదో, గడువు తీరిందో లేదో కూడా చూడండి. ఆ చట్టం కింద గార్డుకు 160 గంటల శిక్షణ ఇవ్వాలి. మావాళ్లకు ఇచ్చింది ఒక విజిల్, ఒక లాఠీ.

ఒప్పందంలో ఇంకో క్లాజు వెతకండి: ‘మా మనుషులను మీరు నేరుగా పెట్టుకుంటే ఇంత చెల్లించాలి’ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఏజెన్సీని మార్చినప్పుడు పాత గార్డులనే ఉంచుకుందామంటే దాన్నే మాకు అడ్డం పెట్టారు. సంతకానికి ముందే కొట్టేయించండి. పీఎఫ్ ఫిర్యాదు ఈపీఎఫ్ఓ (పీఎఫ్ చూసే ప్రభుత్వ సంస్థ) ఫిర్యాదుల పోర్టల్‌లో ఉద్యోగి తనే పెట్టుకోవచ్చు. మావాళ్లలో చాలామందికి స్మార్ట్‌ఫోన్ వాడటం అంతగా రాదు. క్లబ్‌హౌస్‌లో కూర్చోబెట్టి మా కాలేజీ పిల్లలే దగ్గరుండి పెట్టించారు. బిల్లుల కాపీలు, జీతం స్లిప్పులు, హాజరు రిజిస్టరు ఫొటోలు జతచేశాం.