పేరు ఇవ్వడమా, తానే వెళ్లడమా, పదిమందిని కదిలించడమా: ముగ్గురు బ్రిటిష్ దొరసానుల ప్రజాసేవలో ఏది మేలు?

బ్రిటన్‌లో ప్రభువంశపు ఇంటికి కోడలిగా వెళ్లిన స్త్రీకి భర్త బిరుదుతో పాటే కొన్ని బాధ్యతలు కూడా వచ్చి చేరేవి. ఆసుపత్రుల ప్రారంభోత్సవాలు, ధర్మసంస్థల అధ్యక్షత, చందాల సేకరణ, దేశాంతరాల్లో భర్త పదవిలో ఉంటే అక్కడి స్త్రీల బాగోగుల విచారణ, ఇవన్నీ ఆమె పనులే. వీటికి జీతం లేదు, చట్టపరమైన అధికారం లేదు, ఉన్నదల్లా పలుకుబడి. ఆ పలుకుబడిని ఏ దారిలో ఖర్చు పెడితే జనానికి ఎక్కువ మేలు జరుగుతుందన్నది నిజంగా తూచి చూడదగిన ప్రశ్న. అందుకోసం మన దేశపు వైస్రాయి నివాసంతో ఏదో ఒక విధంగా సంబంధమున్న ముగ్గురిని ఎంచుకున్నాను: లేడీ డఫరిన్, ఎడ్వీనా మౌంట్‌బాటెన్, లేడీ రీడింగ్.

లేడీ డఫరిన్ ఎంచుకున్నది తన పేరును పెట్టుబడిగా పెట్టే దారి. ఆ కథ ఆమె కంటే ముందే మొదలైంది. 1881లో పన్నా మహారాణి జబ్బుపడినప్పుడు వైద్యం చేసిన ఎలిజబెత్ బీల్బీ అనే వైద్య మిషనరీ ఇంగ్లండుకు తిరిగి వెళ్తుంటే, మహారాణి ఆమెను కూర్చోబెట్టుకొని విక్టోరియా రాణికి ఒక విన్నపం చెప్పింది: పరదా చాటున ఉన్న భారత స్త్రీలు జబ్బు చేస్తే చూసే దిక్కు లేక అల్లాడుతున్నారని. లాకెట్టులో పట్టేటట్టు చిన్న అక్షరాలతో రాయమని కూడా కోరింది. ఆ లాకెట్టు రాణికి చేరింది. డఫరిన్ వైస్రాయిగా బయలుదేరేటప్పుడు ఈ విషయం పట్టించుకోమని రాణి ఆయన భార్య హారియట్‌కు అప్పగించింది. 1885లో ఆమె నెలకొల్పిన నిధికి మూడు లక్ష్యాలుండేవి: స్త్రీలకు వైద్యవిద్య నేర్పడం, స్త్రీల కోసం ఆసుపత్రులు, డిస్పెన్సరీలు నడపడం, శిక్షణ పొందిన నర్సులనూ మంత్రసానులనూ తయారుచేయడం.

ఈ పద్ధతిలోని బలం కాదనలేనిది. వైస్రాయి భార్య అడిగితే కాదనగల సంస్థానాధీశుడు ఆ రోజుల్లో అరుదు. చందాలు వచ్చాయి, రాష్ట్రాల వారీగా శాఖలు వెలిశాయి, ఆడపిల్లలు డాక్టరు చదువు చదవవచ్చన్న మాట పెద్దింటివాళ్ల నోటి నుంచే వినబడసాగింది. 1888లో కాదంబినీ గంగూలీ వంటి భారతీయ వైద్యురాలు కలకత్తాలోని డఫరిన్ ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరగలిగిందంటే ఈ నిధి ఉండబట్టే. లేడీ డఫరిన్ భారతదేశం విడిచి వెళ్లిన తర్వాత కూడా ఒక వైస్రాయి భార్య తర్వాత మరొకరు ఆ అధ్యక్షతను అందుకుంటూ వచ్చారు. వ్యక్తి వెళ్లిపోయినా సంస్థ నిలిచే ఏర్పాటు ఇది.

అయితే ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఈ నిధి రాకముందే, 1875లోనే, మద్రాసు వైద్య కళాశాల స్త్రీలను చేర్చుకుంది. అలా చదివినవారిలో ఒకరైన మేరీ షార్లీబ్ తర్వాత మద్రాసులో గోషా, అంటే పరదా పాటించే స్త్రీల కోసం ఆసుపత్రి నెలకొల్పింది. విశాఖపట్నంలోనూ విజయనగరంలోనూ జనం నేటికీ ‘ఘోషాసుపత్రి’ అని పిలిచే ప్రసూతి ఆసుపత్రుల పేర్లలో ఆనాటి అవసరమే వినిపిస్తుంది. అంటే పని చేయగల వైద్యురాళ్లు అప్పటికే ఉన్నారు. లోటు డబ్బుదీ ప్రభుత్వ సంకల్పానిదీ. దొరసాని దానధర్మం ఆ లోటును కొంత పూడ్చింది కానీ, స్త్రీల ఆరోగ్యం తన ఖజానా బాధ్యత అని సర్కారు ఒప్పుకోవలసిన రోజును వెనక్కి నెట్టింది కూడా. స్త్రీ వైద్యుల కోసం ప్రభుత్వ ధనసహాయంతో ఒక వైద్య సర్వీసు ఏర్పడేసరికి 1914 వచ్చింది. దాదాపు మూడు దశాబ్దాల పాటు ఒక దేశపు స్త్రీల వైద్యం చందాల పుస్తకం మీద ఆధారపడడం నాకు ఎంతమాత్రం చిన్న విషయంగా కనిపించదు. పైగా నిధి పెద్ద ఉద్యోగాలు ఎక్కువగా యూరోపియన్ వైద్యురాళ్లకే దక్కేవి.

ఎడ్వీనా దారి దీనికి పూర్తిగా భిన్నం. 1901లో పుట్టిన ఆమెకు తాత సర్ ఎర్నెస్ట్ కాసెల్ సంపద వారసత్వంగా దక్కింది. 1922లో ఢిల్లీలో, నాటి వైస్రాయి లార్డ్ రీడింగ్ అతిథిగా ఉన్నప్పుడు, మౌంట్‌బాటెన్‌తో ఆమె పెళ్లి నిశ్చయమైంది. ఆ తర్వాతి పదిహేనేళ్లు విందులకూ విహారయాత్రలకూ ఖర్చయ్యాయి. యుద్ధం ఆమెను మార్చింది. సెయింట్ జాన్ అంబులెన్స్ సంస్థలో చేరి, 1942 నుంచి దాని మహిళా దళాలకు అధిపతిగా పనిచేసింది. 1945లో జపాన్ లొంగిపోయిన వెంటనే, ఆగ్నేయాసియాలో యుద్ధఖైదీలు మగ్గుతున్న శిబిరాలకు తానే వెళ్లి, ఎవరికి ఏమి కావాలో చూసి, పైవాళ్ల చేత పంపించింది.

1947లో పంజాబ్ మండిపోతున్నప్పుడు ఆమె చేసిన పని ఈ దారి విలువను చెబుతుంది. శరణార్థుల కోసం పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థలన్నింటినీ ఒక్క తాటిపైకి తెచ్చిన సహాయ, సంక్షేమ సంయుక్త మండలికి ఆమె అధ్యక్షురాలు. ఆరోగ్యమంత్రి రాజకుమారి అమృత్ కౌర్‌తో కలిసి శిబిరాలకు వెళ్లేది. ఇల్లూ వాకిలీ పోయి గుడారాల్లో పడివున్న లక్షలాది జనం మధ్య నీళ్లు, దుప్పట్లు, టీకాలు, మరుగుదొడ్లు, ఒక్కొక్కటీ విడిగా పరిష్కరించవలసిన సమస్యే. అటువంటి చోట గవర్నర్ జనరల్ భార్య నిలబడి అడిగితే కదిలినంత త్వరగా దస్త్రం కదలదు. ఇక్కడ లేడీ డఫరిన్ పద్ధతి పనికిరాదు. కమిటీ కూడి తీర్మానం రాసేలోపు కలరా ఊరంతా పాకుతుంది.

కానీ ఎడ్వీనా దారికి ఒక పెద్ద లోపముంది: అది ఆమె శరీరం మీద ఆధారపడింది. ఆమె ఉన్నచోట పని జరిగేది, లేనిచోట ఆగేది. విశ్రాంతి లేకుండా దేశదేశాలు తిరిగి, 1960 ఫిబ్రవరిలో సెయింట్ జాన్ తనిఖీ పర్యటనలో భాగంగా బోర్నియోలోని జెసెల్టన్‌లో ఉండగా, నిద్రలోనే మరణించింది. వయసు 58. పోర్ట్స్‌మత్ సమీపంలో ఆమెను సముద్రంలో ఖననం చేసినప్పుడు నెహ్రూ ప్రభుత్వం భారత యుద్ధనౌక త్రిశూల్‌ను తోడు పంపింది. ఆమె త్యాగాన్ని నేను మనసారా గౌరవిస్తాను. అయినా ఒక సమాజపు అవసరాలు ఒక మనిషి ఓపిక మీద నిలవకూడదు.

స్టెల్లా రీడింగ్ ఈ ముగ్గురిలో తెలుగువారికి తక్కువ తెలిసిన పేరు. నా తీర్పు ఆమె వైపే. 1894లో కాన్‌స్టాంటినోపుల్‌లో పుట్టిన ఈమె పుట్టుకతో ప్రభువంశీకురాలు కాదు. వైస్రాయి రీడింగ్ కొలువులో కార్యదర్శిగా పనిచేసి, 1931లో, ఆయన మొదటి భార్య చనిపోయిన తర్వాత, ఆయనను పెళ్లాడి బిరుదు పొందింది. 1935లో ఆయన పోయారు. 1938లో, యుద్ధం ముంచుకొస్తున్న వేళ, హోం మంత్రి శామ్యూల్ హోర్ అడగగా మహిళల స్వచ్ఛంద సేవాదళాన్ని ఆమె మొదలుపెట్టింది.

ఆ దళంలో ర్యాంకులు లేవు. జిల్లా ప్రభువు భార్య, కసాయి దుకాణం నడిపే ఆమె ఒకే ఆకుపచ్చ కోటు తొడుక్కొని ఒకే క్యాంటీన్‌లో టీ కాచేవారు. ఏ పని ఎవరికి చేతనైతే వారిదే అన్నది ఆమె నియమం. 1939 సెప్టెంబరు తొలి రోజుల్లో బాంబుల భయంతో సుమారు 15 లక్షల మందిని, ఎక్కువగా పిల్లలనూ తల్లులనూ, నగరాల నుంచి పల్లెలకు తరలించినప్పుడు ఆ పిల్లలను రైలు స్టేషన్ల నుంచి తీసుకెళ్లి ఇళ్లలో చేర్చడంలో ఈ దళం పెద్ద భారం మోసింది. 1940 జూలైలో యుద్ధవిమానాల తయారీకి అల్యూమినియం కావాలని ఆమె రేడియోలో కోరగానే గృహిణులు వంటింటి గిన్నెలు, మూతలు, కెటిళ్లు తెచ్చి గుట్టలుగా పోశారు. యుద్ధం నడిమికి సభ్యుల సంఖ్య 10 లక్షలకు చేరింది.

ఈమె పద్ధతికి ఆక్షేపణలు లేకపోలేదు. స్థానిక కేంద్రాల్లో పెత్తనం తరచుగా కలిగిన ఇళ్ల స్త్రీల చేతుల్లోనే ఉండేది. జీతం ఇవ్వవలసిన పనులను ప్రభుత్వం ఉచితంగా చేయించుకుంది. డఫరిన్ విషయంలో నేను పెట్టిన ఫిర్యాదు ఇక్కడా వర్తిస్తుంది. తేడా ఏమిటంటే, లేడీ డఫరిన్ నిధి దాతలను ఇచ్చేవారిగా, స్త్రీలను పుచ్చుకునేవారిగా ఉంచింది. స్టెల్లా మాత్రం సహాయం పొందే వీధిలోని ఆడవాళ్లనే సహాయం చేసేవాళ్లుగా మార్చింది. ఎడ్వీనా తాను వెళ్లగలిగిన శిబిరాలకు వెళ్లింది. స్టెల్లా దళం తాను లేని ఊళ్లలోనూ, తనను అడగకుండానే, పనిచేసింది. నిప్పు అంటుకున్న రాత్రి ఎడ్వీనా వంటి మనిషే కావాలని ఒప్పుకుంటాను. మిగిలిన అన్ని రోజులకూ నేను స్టెల్లా మార్గాన్నే కోరుకుంటాను.

బిరుదు విలువ ఎంతో తేల్చే మరొక సంగతి ఉంది. వైకౌంటెస్ రోండా 1918లో తండ్రి నుంచి బిరుదును స్వయంగా వారసత్వంగా పొందింది. ఆ హక్కుతో బ్రిటన్ పార్లమెంటు ఎగువ సభ అయిన ప్రభువుల సభలో కూర్చోనివ్వమని చేసిన ఆమె విన్నపాన్ని 1922లో సభ తిరస్కరించింది. 1958లో చట్టం మారి స్త్రీలకు జీవితకాల సభ్యత్వానికి దారి తెరుచుకుంది కానీ, స్త్రీలు తొలిసారి ఆ సభలో కూర్చోవడానికి కొద్ది నెలల ముందే ఆమె కన్నుమూసింది. ఆ సభలో తొలిసారిగా స్థానం స్వీకరించిన మహిళ స్టెల్లా. భర్త బిరుదుతో కాదు, తన సేవకు గుర్తింపుగా లభించిన బారొనెస్ స్వాన్‌బరో అనే కొత్త పేరుతో ఆమె లోపలికి అడుగుపెట్టింది. ఆమె స్థాపించిన దళం పేరు మార్చుకొని బ్రిటన్‌లో ఇప్పటికీ పనిచేస్తున్నది.